పాలమూరు సింగారం: తుడిచిన చోటే నిగారింపు

ఉత్సవాల వేళ శ్రీరంగాపూర్ రంగనాయకస్వామి గుడికి వచ్చే పెద్దవయసు ఆడవాళ్లను చూడాలి. వనపర్తి సంస్థానాధీశులు 18వ శతాబ్దంలో కట్టించిన ఆ గుడి దగ్గర, చెరువుగట్టు మీద ఎండలో ఎంతసేపు నిలబడినా వాళ్ల ముఖాల్లో కళ తగ్గదు. లేత పసుపు ఛాయ, సన్నటి కాటుక గీత, గుండ్రటి బొట్టు, కొప్పులో ఇన్ని పూలు. పూసుకున్నట్టు అనిపించదు, ముస్తాబు మాత్రం ఎక్కడా లోపించదు. ఇవాళ బ్యూటీపార్లర్లలో 'నేచురల్ లుక్' కోసం గంటసేపు కూర్చోబెడతారు. మన ఇళ్లలో పొద్దున స్నానంతోనే అది సగం పూర్తయ్యేది. అందులో నేర్పంతా పూయడంలో కంటే, పూసింది ఎంత తీసేయాలో తెలియడంలో ఉంది.

మొదలు నలుగుతో. ముందు నువ్వుల నూనె పట్టించి, పెసలు, శనగలు, కచ్చూరాలు, ఎండిన కమలా తొక్కలు విసిరిన పిండిని తడిపి రాస్తారు. అది పూర్తిగా ఎండకముందే, కాస్త చెమ్మ ఉండగానే నలవాలి. పిండి నూనెను పీల్చుకుని మురికితో సహా రాలిపోతుంది, చర్మానికి కావలసిన జిడ్డు మాత్రం మిగులుతుంది. సబ్బుతో కడిగిన ముఖం బిగుసుకుపోయినట్టు నలుగు పెట్టిన ముఖం బిగుసుకోదు. తరువాత ఏది రాసినా సమంగా పరుచుకునేది అందుకే.

పసుపు కూడా అంతే. సాన మీద కొమ్మును అరగదీస్తే వచ్చే గంధం మెత్తగా ఉంటుంది; బజారు పొడి బరకగా ఉండి రోమకూపాల దగ్గర చుక్కలుగా నిలిచిపోతుంది. రాసుకున్న వెంటనే ఉత్త నీళ్లతో కడిగేసుకుని, మెత్తటి బట్టతో అద్దుకోవాలి, రుద్దకూడదు. పసుపులోని కర్‌క్యుమిన్ వెలుగు తగిలేకొద్దీ పలచబడుతుంది కనుక పొద్దున కనిపించిన పచ్చదనం మధ్యాహ్నానికి వెచ్చటి మెరుపుగా మారుతుంది. రంగు అంటకూడదనుకునేవాళ్లకు కస్తూరి పసుపు ఉండనే ఉంది.

ఇక కాటుక. దీని గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు. పాలమూరు ఎర్రనేలలు ఆముదం పంటకు పేరుమోసినవి. నాగర్‌కర్నూల్ దగ్గరి పాలెం పరిశోధన కేంద్రం పీసీహెచ్ 111 లాంటి సంకరజాతి ఆముదాలను ఇచ్చింది. ఆ నూనే కాటుకకు ప్రాణం. గుంటగలగరాకు రసంలో తెల్లటి నూలుగుడ్డను ముంచి, నీడన ఆరబెట్టి, మళ్లీ ముంచి, ఒత్తిగా చుడతారు. ప్రమిదలో ఆముదం పోసి వెలిగించి, అటూ ఇటూ రెండు ఇటుకలు పెట్టి, పైన ఇత్తడి పళ్లెం బోర్లిస్తారు. మంట కొస పళ్లానికి తగిలీ తగలనట్టుండాలి. పళ్లెం మరీ ఎత్తున ఉంటే మంటకు గాలి బాగా ఆడి మసి తక్కువ పడుతుంది, మరీ కిందికి దిగితే దీపమే ఆరిపోతుంది. తెల్లారేసరికి పళ్లెం లోపల నల్లటి మఖమల్‌లా మసి పేరుకుంటుంది. దాన్ని ఈకతో దులిపి, వెన్నకాచిన నెయ్యి చుక్క చుక్కగా వేస్తూ వేలితో నూరాలి. నెయ్యి ఒక్క చుక్క ఎక్కువైనా మధ్యాహ్నపు చెమటకు కాటుక చెంపల మీదికి దిగుతుంది. "కొద్దిగనే పెట్టు బిడ్డా" అని అవ్వలు అనేది ఇందుకే. వేలికొసతో కింది రెప్పకు రాసి, కన్ను ఒకసారి మూసి తెరిచి, బయటి కొసన మిగిలింది తుడిచేస్తారు. వేలికి అంటింది జుట్టుకు రాసుకుంటారు.

పసిపిల్లల కళ్లకు మాత్రం కాటుక వద్దనే వైద్యులు చెబుతున్నారు. ఆ మాట వినాల్సిందే. వాళ్లకు సగ్గుబియ్యం నల్లగా మాడ్చి, నీళ్లుపోసి ఉడికించి, కొబ్బరిచిప్పలో ఆరబెట్టిన చాదు ఉంది. నుదుటన, బుగ్గన, అరికాలున చుక్క పెడితే చాలు. సుర్మాల్లో కొన్నింటిని సీసపు ఖనిజంతో చేస్తారు, వాటిని పెద్దవాళ్లూ వాడకూడదు.

బొట్టుకు నుదుట ముందు మైనం అద్దుతారు. ఉంగరం వేలితో కుంకుమ దాని మీద మెల్లగా నొక్కి, ముక్కు మీద రాలిన పొడిని ఊదేసి, అంచును బట్టకొసతో గుండ్రంగా సరిచేస్తారు. పసుపుకు సున్నం తగిలితే ఎర్రబడుతుంది. ఇంటి కుంకుమకు మూలం అదే. స్టిక్కర్ బొట్లు వచ్చాక ఈ ఓపిక పోయింది. ఆ జిగురులో కొన్నిసార్లు ఉండే పారా టెర్షియరీ బ్యూటైల్ ఫినాల్ వల్ల కొందరికి నుదుట తెల్లమచ్చ పడుతుంది. దురద మొదలైతే స్టిక్కర్ మానేయడమే మార్గం.

టాటాలు 1952లో లాక్మే పెట్టాక సింగారం డబ్బాల్లోకి వచ్చింది, అందులో తప్పేమీ లేదు. వనపర్తిలో బస్సెక్కి కాలేజీకి పోయే అమ్మాయి కూడా ఈ పద్ధతినే పాటించవచ్చు. సన్‌స్క్రీన్ రాసి కొద్దిసేపు ఆగాలి. కాంపాక్ట్ ముక్కు మీద, నుదుటి మీద మాత్రమే అద్ది, మిగతా ముఖాన్ని వదిలేయాలి. లిప్‌స్టిక్ వేలితో అద్ది, టిష్యూతో ఒకసారి నొక్కితే పెదవి సొంత రంగు బయటికి తెలుస్తుంది. కాటుక పెన్సిల్ గీత మాత్రం కింది రెప్పకే చాలు, అదీ రాత్రి పడుకోబోయేముందు ఆముదం చుక్కతో తుడిచేసుకోవాలి.