నిలిచినట్టుండే నీళ్లు

జలపాతాన్ని ఫొటో తీయడం నేర్చుకునే వాళ్లకు ముందుగా పట్టుబడేది అర సెకను. ట్రైపాడ్ మీద కెమెరా, ఐఎస్ఓ 100, షట్టర్ అర సెకను తెరిస్తే నీళ్లు పాలధారలా సాగుతాయి. సెకనులో వెయ్యో వంతుకే మూసేస్తే ఒక్కో బొట్టూ గాలిలో ఆగుతుంది. బుట్టాయగూడెం అడవిలో, గుబ్బల మంగమ్మ గుడి దగ్గరి వాగులో నేను నేర్చుకున్నదీ ఇదే.

ఏలూరు కాలువ గట్టున ఆ లెక్క పారలేదు. మనది పల్లపు నేల. నీరు దూకదు, కంటికి ఆనకుండా జరుగుతుంది. విజ్జేశ్వరం నుంచి తాడేపల్లిగూడెం మీదుగా వచ్చే గోదావరి నీరూ, బెజవాడ నుంచి వచ్చే కృష్ణ నీరూ ఏలూరులోనే కలుస్తాయి. ఇంత గొప్ప సంగతి నా ఫొటోలో మట్టిరంగు పలకలా పడింది.

దారి చూపింది గుర్రపుడెక్క. తాడేపల్లిగూడెం దగ్గర ఒక తెల్లవారుజామున పది స్టాపుల ఎన్‌డీ ఫిల్టర్ బిగించాను. వెలుతురును సుమారు వెయ్యో వంతుకు తగ్గిస్తుందది. ముప్పై సెకన్లు తెరిచాను. గట్టుకు చిక్కుకున్న డెక్క ఆకు ఆకుగా పడింది. నడిమిన కొట్టుకుపోతున్నది పచ్చటి చారగా సాగింది. ఆ చార ఎంత పొడవో కాలువ అంత వడి.

ఉప్పుటేరు దగ్గర ఇంకో చిక్కు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు కొల్లేటికి తెచ్చే నీటికి సముద్రానికి దారి అదొక్కటే. వేసవిలో సరస్సు తగ్గితే పోటుకు ఉప్పునీరు ఎదురెక్కుతుంది. నీరు పోతోందో వస్తోందో చార చెప్పదు. అందుకే నీళ్లలో పాతిన గెడనొకదాన్ని ఫ్రేములోకి తెచ్చుకుంటాను. ప్రవాహం గెడను తాకి, దాటాక సుడి తోకలా సాగుతుంది. తోక ఎటుంటే నీరు అటు. ఒకే గెడను పోటులోనూ పాటులోనూ తీసి ఆ రెండు ఫొటోలనూ పక్కపక్కనే పెట్టుకున్నాను. నా పనిలో నాకు బాగా ఇష్టమైనవి అవే.

1999లో ఐదో కాంటూరు దాకా కొల్లేటిని అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో చేపల చెరువుల గట్లు కొట్టించారు. మొన్న గాలి పడిపోయిన సాయంత్రం సరస్సు అంచున, నీటికి అడ్డంగా ఉన్న ఒక గట్టు పక్కన ట్రైపాడ్ వేశాను. షట్టర్ నాలుగు నిమిషాలు తెరిచి ఉంచాను. డెక్క ఆకు ఆకుగా పడింది.