పరుగు శిక్షణలో తీగలేని గడియారము

వెలిగండ్ల వంటి గ్రామములోని ఉన్నత పాఠశాలలో పరుగు నేర్పు ఉపాధ్యాయుని చేతిలో సాధారణముగా రెండే పరికరములుండును: ఒక విజిల్, ఒక స్టాప్‌వాచ్. ఈ రెంటితో తీసిన కాలమును బట్టియే ఏ విద్యార్థిని పై పోటీలకు పంపవలెనో, ఎవరిని ఆపవలెనో నిర్ణయము జరుగును. కావున ఆ గడియారము చెప్పు అంకె ఎంతవరకు నమ్మదగినదని అడుగుట కేవలము శాస్త్రచర్చ కాదు. అది ఒక బాలిక భవిష్యత్తునకు సంబంధించిన ప్రశ్న. నేడు తీగలేని కాలమాపక పరికరములు పాఠశాలలకు కూడ అందుబాటులోనికి వచ్చినవి. విడిభాగములు కొని విద్యార్థులే వానిని కూర్చుకొనవచ్చును. ఇవి స్టాప్‌వాచ్ లోపములను నిజముగా తీర్చునా, లేక వానికి బదులు క్రొత్త లోపములను తెచ్చునా?

స్టాప్‌వాచ్‌తో వచ్చు తప్పు యంత్రములో కంటె బొటనవ్రేలిలో హెచ్చుగా ఉన్నది. ఆరంభ సంకేతమును చూచిన పిమ్మట మీట నొక్కుటకు సుమారు సెకనులో ఐదవ వంతు పట్టును. ముగింపు వద్ద అట్లు కాదు. పరుగెత్తువాడు వచ్చుట ముందుగానే కనబడును గనుక వ్రేలు ఇంచుమించు సరియైన క్షణముననే పడును. అందుచే చేతి గడియారము అసలు కాలముకంటె తక్కువ చూపును. ఈ భేదమును 100, 200 మీటర్ల పరుగులకు 0.24 సెకనుగా, 400 మీటర్లకు 0.14 సెకనుగా లెక్కకట్టుట వాడుక. ముగింపు వద్దనున్నవారు విజిల్ విని మీట నొక్కినచో తప్పు ఇంకను పెరుగును. ధ్వనికి 100 మీటర్లు దాటుటకే 0.29 సెకను పట్టును. అందుచే చెవిని కాక కంటిని నమ్మి, జెండా దిగుటను చూచి నొక్కవలెను.

1960 రోమ్ ఒలింపిక్స్ 400 మీటర్ల పందెమున నాల్గవవాడైన మిల్ఖా సింగ్‌కు చేతి గడియారము 45.6 సెకనులు చూపగా, విద్యుత్ పరికరము 45.73 చూపెను. పరుగు ఒకటే, కాలములు రెండు. 1998లో పరమ్‌జీత్ సింగ్ 45.70 సెకనులలో పరుగెత్తినపుడు పాత రికార్డు చెదరినదా లేదా అను వాదము పుట్టినది ఇందువలననే. 45.6కు 0.14 చేర్చినచో 45.74 వచ్చును. విద్యుత్ పరికరపు అంకెకు దీనికి భేదము సెకనులో నూరవ వంతు మాత్రమే. ఇట్లే పాఠశాలలో చేతి గడియారముపై 100 మీటర్లకు 13.0 వచ్చిన బాలికకు పెద్ద పోటీలో విద్యుత్ పరికరము 13.24 చూపినచో ఆమె వెనుకబడినదని నిందించుట అన్యాయము. ఆమె తన పరుగునే తాను పరుగెత్తినది.

తీగలేని పరికరమున ఆరంభము వద్ద ఒకటి, ముగింపు వద్ద ఒకటి చొప్పున స్తంభములు నిలుపుదురు. ప్రతి స్తంభము వద్ద కంటికి కానరాని పరారుణ కిరణము బాటకు అడ్డముగా సాగును. దేహము కిరణమును ఖండించిన క్షణమును స్తంభములోని గడియారము గుర్తించి రేడియో తరంగముల ద్వారా తెలియజేయును. ఈ తరంగమునకు 100 మీటర్లు దాటుటకు సెకనులో ముప్పది లక్షల వంతు చాలును. అంతమాత్రమున ఆలస్యమే లేదని తలచుట పొరపాటు. వార్తను కూర్చుటకు, మధ్యలో చెడినచో మరల పంపుటకు, అందుకొని చదువుటకు కొన్ని మిల్లీసెకనులు మొదలు పదుల మిల్లీసెకనుల వరకు పట్టవచ్చును. ఈ ఆలస్యము ప్రతిసారి ఒకే తీరున ఉండదు. కావున “ఇప్పుడు ఆపుము” అని ఆజ్ఞ పంపు పరికరముకంటె, “కిరణము తెగిన వేళ ఇది” అని వేళను వ్రాసి పంపు పరికరము మేలు. ఉత్తరము ఎంత ఆలస్యముగా చేరినను దానిపైనున్న తపాలా ముద్ర మారదు.

అయితే రెండు స్తంభముల గడియారములు ఒకే వేళను చూపుచుండవలెను. సామాన్యమైన స్ఫటిక గడియారము పది లక్షల సెకనులకు ఇరువది సెకనుల వరకు తప్పవచ్చును. ఈ లెక్కన గంటకు 0.072 సెకను తేడా వచ్చును. ఉదయము ఒకసారి సరిచేసి సాయంత్రమువరకు నమ్ముట తగదు. ప్రతి పరుగునకు ముందు రెండును తమలో తాము సరిచూచుకొను ఏర్పాటు ఉండవలెను.

కిరణమునకు కూడ పరిమితులున్నవి. పందెపు నియమము ప్రకారము గీతను దాటవలసినది మొండెము. కిరణమునకు మొండెమునకు, చేతికి భేదము తెలియదు. సెకనుకు 8 మీటర్ల వేగమున 0.01 సెకను అనగా 8 సెంటీమీటర్లు. మొండెమునకు 32 సెంటీమీటర్లు ముందుగా చేయి తగిలినచో 0.04 సెకను లాభము ఊరకనే వచ్చును. ఒకదానిపై ఒకటి రెండు కిరణములుంచి, రెండును తెగినప్పుడే లెక్కించుట దీనికి కొంత విరుగుడు. పశ్చిమ ప్రకాశపు ఎండలో సూర్యుని పరారుణమే గ్రాహకమును ముంచివేయును గనుక, నిర్ణీత వేగముతో మినుకుమనునట్టి కిరణమునే వాడవలెను.

ఆరంభమున కూడ జాగ్రత్త అవసరము. పరుగెత్తువాడే కిరణమును తెంచి గడియారమును నడిపించినచో, సంకేతము విని కదలుటకు పట్టు కాలము లెక్కలోనికి రాదు. అట్టి అంకెను పందెపు కాలముతో పోల్చరాదు. వేగమందుకొన్న పిమ్మట 30 మీటర్ల దూరమును కొలుచుటకు మాత్రము ఈ పరికరము మిక్కిలి తగినది.

అంకె సరియైనదైనను చాలదు. విశాఖపట్నమునకు చెందిన యర్రాజి జ్యోతి 2022 ఏప్రిల్‌లో కోళిక్కోడులో 100 మీటర్ల హర్డిల్స్‌ను 13.09 సెకనులలో ముగించినది. 2002 నాటి అనూరాధా బిస్వాల్ రికార్డు 13.38. కాని ఆనాడు వెనుకగాలి వేగము సెకనుకు 2.1 మీటర్లు, నియమము ఒప్పునది 2.0. కావున రికార్డు దక్కలేదు. మే 10న సైప్రస్‌లోని లిమసోల్‌లో ఆమె తీసిన 13.23 రికార్డైనది. తక్కువ అంకె త్రోసివేయబడి, ఎక్కువ అంకె నిలిచినది. గాలిని కొలువక మూడు దశాంశములు చూపు పరికరము విద్యార్థిని మభ్యపెట్టును.

క్రొత్త పరికరమును పరీక్షించుట సులభము. రెండు స్తంభములను ప్రక్కప్రక్కనే నిలిపి, ఒకే కర్రతో రెండు కిరణములను ఒక్కసారి తెంపవలెను. తేడా సున్న రావలెను. ఇట్లు పదిసార్లు చేసి, గంట తరువాత మరల పదిసార్లు చేయవలెను. వచ్చిన తేడాలే ఆ పరికరపు తప్పును తెలుపును. అంతకంటె చిన్నదైన అభివృద్ధిని అభివృద్ధిగా ఎంచరాదు. ఫలితము మార్కాపురపు పలకపై వ్రాసి చెరిపివేయదగినది కాదు. కాలముతో పాటు కొలిచిన పద్ధతి, ఆరంభపు తీరు, గాలి స్థితి పుస్తకమున వ్రాసియుంచినచో, ఏ విద్యార్థి నిజముగా ముందుకు సాగుచున్నదో మరుసటి ఏడు వచ్చు ఉపాధ్యాయునికి కూడ తెలియును.