చెవి చీముకు ఏ చికిత్స మేలు?

తాడేపల్లిగూడెమునకు చేరువనున్న పెంటపాడు గోదావరి నీటితో పండు ఊరు. కాలువలు కట్టివేయు వేసవి దినములు తప్ప తక్కిన కాలమంతయు నీరు ఇంటి ముంగిటనే ఉండును. పంటబోదెలు, చెరువులు దాటి కొల్లేటి వైపు సాగినకొలది నేల కంటె నీరే ఎక్కువగా కనబడును. ఇట్టి సీమలో పిల్లలకు ఈత ఎవ్వరును నేర్పనక్కరలేదు.

ఆ పిల్లలలో ఒకనికి చెవి కారుచున్నదనుకొందము. వాని తల్లికి నాలుగు దిక్కులనుండి సలహాలు వచ్చును. “వెల్లుల్లి వేసి నూనె కాచి పొయ్యమ్మా” అని ఒకరు. “మాత్రలు వేస్తే ఆరిపోతుంది” అని మరియొకరు. చుక్కల మందు మేలని ఒకరు, ఆపరేషను తప్పదని ఇంకొకరు చెప్పుదురు. “పెద్దయితే అదే తగ్గుతుందిలే” అని ఇంటి పెద్దలు తేల్చివేయుదురు. ఈ సలహాలలో ఏది నిలుచును, ఏది నిలువదు? శాస్త్రజ్ఞులు దీనిని పరీక్షించియే ఉన్నారు. అయితే వారి పరీక్షలు దేనిని కొలిచినవి, ఎన్ని దినములు కొలిచినవి అనునది గమనింపక ఫలితములను మాత్రమే చదివినచో పొరబడుదుము.

మొదట వ్యాధి స్వభావము తెలియవలెను. చెవి నాళము చివర కర్ణభేరి అను పలుచని పొర కలదు. దాని వెనుక మధ్యకర్ణము. అందు సుత్తి, దాగలి, అంకవన్నె అను మూడు చిన్న ఎముకలు శబ్దమును లోపలికి చేరవేయును. జలుబు చేసినపుడు ముక్కు వెనుకనుండి వచ్చు నాళము ద్వారా సూక్ష్మజీవులు మధ్యకర్ణమును చేరి చీము పట్టించును. ఆ చీము కర్ణభేరిని చిల్లిపరచుకొని వెలికి వచ్చును. చిల్లి పూడక, రెండు వారములు గాని అంతకు మించి గాని చీము కారుచున్నచో దానిని దీర్ఘకాలిక వ్యాధిగా ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిగణించినది. ఆ సంస్థ 2004 నివేదిక ప్రకారము ప్రపంచములో 6.5 కోట్ల నుండి 33 కోట్ల మందికి చెవి కారుచుండెను. వారిలో నూటికి 60 మందికి వినికిడి తగ్గినది. వ్యాధి ఎక్కువగా ఉన్న దేశముల జాబితాలో భారతదేశము కూడ ఉన్నది.

చికిత్సలను పోల్చుటకు ముందు వ్యాధిని రెండు తెగలుగా విడదీయవలెను. మొదటి తెగలో చిల్లి కర్ణభేరి నడుమ ఉండును. చీము పలుచగా, జిగటగా, జలుబుతో పాటు హెచ్చుచు తగ్గుచు ఉండును. రెండవ తెగలో కర్ణభేరి పైభాగమునగాని అంచునగాని చర్మము లోపలికి పెరిగి తెల్లని ముద్దగా పేరుకొనును. దీనికి కొలెస్టియటోమా అని పేరు. చీము కొద్దిగానే ఉండును గాని దుర్వాసన మెండు. ఈ ముద్ద ఎముకను తినివేయుచు పోయి ముఖనరమును, లోపలి చెవిని, మెదడును తాకవచ్చును. ఏ చుక్కల మందును దీనిని తొలగింపజాలదు. కావున చుక్కల మందుల పరీక్షలలో వచ్చిన అంకెలను ఈ రెండవ తెగకు వర్తింపజేయుట ప్రమాదకరము. వైద్యుడు పరికరముతో చెవి లోపల చూచి తెగను నిర్ణయించిన పిమ్మటనే ఏ చికిత్స మేలను ప్రశ్నకు అర్థముండును.

ఇక మొదటి తెగ సంగతి. అన్నిటికంటె చౌక చికిత్స చెవిని పొడిగా తుడుచుట. ఇది కొత్తది కాదు. సుశ్రుత సంహిత చెవి రోగములను 28గా లెక్కించి, కర్ణస్రావమునకు శుభ్రపరచుటను కూడ చికిత్సగా చెప్పినది. దీని బలమును 1996లో ప్రకటింపబడిన కెన్యా పరీక్ష కొలిచినది. అందు 524 మంది బడిపిల్లలను మూడు జట్లుగా విభజించిరి. ఒక జట్టుకు తుడుచుటతో పాటు యాంటీబయాటిక్ మందులు నోటి ద్వారాను, స్టెరాయిడ్ కలిసిన చుక్కలుగాను ఇచ్చిరి. ఒక జట్టుకు తుడుచుట మాత్రమే. మూడవ జట్టుకు ఏమియు లేదు. పదునారు వారములకు మందుల జట్టులో నూటికి 51 మందికి చీము ఆగినది. తుడుచుట మాత్రమే జరిగిన జట్టులో 22 మందికి, ఏమియు చేయని జట్టులోను 22 మందికే ఆగినది.

దీనిని చదివి తుడుచుట వృథా అనుకొనుట తగదు. తుడుచుట ఒంటరిగా చాలదని మాత్రమే ఈ పరీక్ష తెల్చినది. చీము నిండిన చెవిలో వేసిన చుక్క చీముపై తేలి వెలికి వచ్చివేయును. తుడిచిన చెవిలోనే మందు పుండును తాకును. కావున తుడుచుట చికిత్సకు దారి తీయు పని. అది దూదివత్తితో మెల్లగా చేయవలసినది గాని పిన్నీసుతోను, కోడి ఈకతోను చేయవలసినది కాదు.

ఈ పరీక్షలో ఒక లోపము కూడ కలదు. మొదటి జట్టుకు నోటి మందును, చుక్కల మందును కలిపి ఇచ్చుటచే మేలు దేని వలన కలిగినదో విడదీసి చెప్ప వీలులేదు. మరియొక అంకె ఇంకను ముఖ్యమైనది. పదునారు వారములకు కర్ణభేరి చిల్లి పూడినవారు మందుల జట్టులో నూటికి 15 మంది, తక్కిన రెండు జట్లలో 13 మంది. అనగా చీము ఆరుటలో ఉన్న తేడా చిల్లి పూడుటలో లేదు. అయినను చీము ఆరిన పిల్లలు ఆరని పిల్లల కంటె బాగుగా వినగలిగిరి. ఎండిన చెవి చిన్న లాభము కాదు. కాని అది నయమైన చెవి కాదు.

మాత్రలా, చుక్కలా అను వివాదమును చిన్న లెక్క తీర్చును. సిప్రోఫ్లాక్సాసిన్ చుక్కల మందు సాధారణముగా 0.3 శాతము బలము కలది. అనగా ఒక మిల్లీలీటరులో 3,000 మైక్రోగ్రాముల మందు. అదే మందు 500 మిల్లీగ్రాముల మాత్రగా మింగినచో రక్తములో మిల్లీలీటరుకు రెండు మూడు మైక్రోగ్రాములు చేరును. ఇంచుమించు వేయి రెట్ల తేడా! ఈ వ్యాధిలో తరచు కనబడు సూడోమోనాస్ మొండి జీవి. మామూలుగా వాడు అమాక్సిసిలిన్ మాత్రకు అది లొంగదు. జ్వరము, చెవి వెనుక వాపు వంటివి లేనపుడు మాత్రలకంటె చుక్కలే మేలనుటకు ఈ లెక్కయు, జరిగిన కొద్ది పరీక్షలును సాక్ష్యము.

అయితే ఏ చుక్కలు? 2005లో ప్రకటింపబడిన మరియొక కెన్యా పరీక్షలో 427 మంది పిల్లలకు సిప్రోఫ్లాక్సాసిన్ గాని, ఆల్కహాలులో కలిపిన బోరిక్ ఆమ్లము గాని వేసిరి. రెండు వారములకు మొదటి మందుతో నూటికి 59 మందికి, రెండవ దానితో 32 మందికి చీము ఆగినది. నాలుగు వారములకు ఈ తేడా తగ్గినది. రెండు వారముల అంకెను మాత్రమే ఉదహరించువారు సగము సత్యమునే చెప్పుచున్నారు.

మనకు చేరువనున్న వేలూరు నుండి 2003లో వెలువడిన పరీక్షలో 40 మంది రోగులలో పొవిడోన్ అయొడిన్ చుక్కలతో నూటికి 88 మంది, సిప్రోఫ్లాక్సాసిన్‌తో 90 మంది బాగుపడిరి. సూక్ష్మజీవులలో నూటికి 17 సిప్రోఫ్లాక్సాసిన్‌కు లొంగలేదు. అయొడిన్‌కు లొంగనిది లేదు. చౌకయైన మందుకు ఇది ఆశాజనకమైన వార్త. కాని జట్టుకు ఇంచుమించు 20 మందియే కావున ఒక్క రోగి అటునిటు అయినను 5 శాతము మారును. రెండును సమానమని తేల్చుటకు ఇంత చిన్న పరీక్ష చాలదు.

ఆస్ట్రేలియా ఆదివాసి పిల్లల అనుభవము మరియొక పాఠము. 2003లో 111 మందిపై జరిగిన పరీక్షలో సిప్రోఫ్లాక్సాసిన్‌తో నూటికి 76 మందికి, పాత చుక్కలతో 52 మందికి నయమైనది. 2008లో ప్రకటింపబడిన పరీక్షలో ఆ మందుల నడుమ తేడా కనబడలేదు; ఎక్కువమందికి చీము ఆగనే లేదు. ఈ రెండవ పరీక్షలోని పిల్లలు అంతకుముందే చికిత్స పొంది యుండిరి. మందు మారలేదు, రోగి మారెను. పాత చుక్కలలో ఉండు కొన్ని మందులు, ముఖ్యముగా జెంటమైసిన్ తరగతివి, చిల్లి ద్వారా లోపలి చెవిని చేరి వినికిడిని చెరుపగలవను భయము కూడ కలదు.

వైద్యపరీక్షలను సేకరించి తూచు కోక్రేన్ సంస్థ 2020, 2021 సంవత్సరములలో ఈ వ్యాధిపై వరుసగా సమీక్షలను ప్రకటించినది. సాక్ష్యము చాలవరకు బలహీనమని వాటి తీర్పు. ఆ నిజాయితీ మెచ్చదగినది. కాని “సాక్ష్యము చాలదు” అనుటకు “మందు పని చేయదు” అను అర్థము లేదు. లోపము మందులలో కంటె పరీక్షలలో ఎక్కువగా ఉన్నది. అవి రెండు నుండి నాలుగు వారములు చూచి ఆగిపోవును. వినికిడిని కొలిచినవి అరుదు. పెంటపాడు తల్లికి కావలసినది రెండు వారముల సంగతి కాదు. కాలువలో మరల మునిగిన పిమ్మట, మరుసటి జలుబు పిమ్మట, బడిలో వెనుక బల్లపై కూర్చున్నపుడు ఆ చెవి ఎట్లుండునో ఆమెకు కావలయును. ఆ ప్రశ్నకు సమాధానమిచ్చు పరీక్షలు ఇంకను రావలసి ఉన్నవి.

శస్త్రచికిత్స చుక్కల మందుకు పోటీ కాదు, కొనసాగింపు. 1950 ప్రాంతములలో జర్మనీ వైద్యులు వుల్‌స్టైన్, జోల్నర్ సూక్ష్మదర్శిని సాయముతో మధ్యకర్ణమును బాగుచేయు టింపనోప్లాస్టీ పద్ధతిని రూపొందించిరి. నేడు కణతపై కండరమును కప్పు పొరను తీసి చిల్లికి అతికెదరు. నేర్పరుల చేతిలో పదిమందిలో ఎనిమిది తొమ్మిది మందికి పొర అతుకును. చెవి ముందుగా ఎండియున్నచో పని సులభము. కొలెస్టియటోమా ఉన్నచో మాత్రము ఆలసింపక మాస్టాయిడ్ ఎముకను తొలిచి దానిని తీసివేయుటయే మార్గము.

కావున తల్లి అడుగవలసినది “ఏ మందు?” అని మొదట కాదు, “చిల్లి ఎట్టిది?” అని. పిమ్మట చెవిని తుడిచి, చెప్పినన్ని దినములు చుక్కలు వేయవలెను. సీసాను అరచేతిలో కొంతసేపు ఉంచి వెచ్చబరచవలెను; చల్లని చుక్క లోపలి చెవిలోని ద్రవమును కదల్చి తల తిప్పును. పిల్లవానిని పక్కకు పరుండబెట్టి, చుక్కలు వేసిన పిమ్మట చెవి ముందరి మెత్తని బుడిపెను వ్రేలితో నొక్కినచో మందు లోపలికి దిగును. స్నానమునకు వాజలైన్ పూసిన దూది పెట్టవలెను. చెవి ఆరువరకు కాలువ మానవలెను. నూనె మాత్రము వలదు. చిల్లియున్న చెవిలో పోసిన నూనె నేరుగా మధ్యకర్ణమును చేరును. చీము ఆగిన పిమ్మట వినికిడిని పరీక్ష చేయించుట మరువరాదు. జ్వరముతో తలనొప్పి, మూతి వంకర, తల తిరుగుట, చెవి వెనుక వాపు వచ్చినచో ఒక్క దినమైనను ఆగరాదు. ఏలూరులో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైనది. ఈ సీమ వారికి పెద్ద వైద్యము ఒకనాటి వలె దూరము కాదు.

“పెద్దయితే అదే తగ్గుతుందిలే” అను మాటకు ఏ పరీక్షయు బలమీయలేదు. కెన్యాలో ఏమియు చేయని జట్టులో నూటికి 78 మందికి చీము కారుచునే ఉండెను. ఈ వ్యాధిలో మందుల నడుమ తేడాలపై ఎంత వాదమున్నను, ఊరకుండుట గెలిచిన పరీక్ష ఒక్కటియు లేదు.