హెస్కెట్ సూచిక: ఒక విమర్శనాత్మక పరిశీలన

గిడ్డంగిలో ఏ సరుకును ద్వారానికి దగ్గరగా ఉంచాలి? ఎక్కువగా అమ్ముడయ్యేదాన్ని అని మీరు వెంటనే అంటారు. 1963లో హెస్కెట్ ఈ సమాధానాన్ని సవరించారు. సరుకుకు కావలసిన స్థలాన్ని దానికి వచ్చే ఆర్డర్ల సంఖ్యతో భాగించాలి. ఫలితం తక్కువగా ఉన్న సరుకు ముందుండాలి.

ఈ ఉదాహరణ గమనించండి. రోజుకు 60 ఆర్డర్లు వచ్చే పరుపులకు 12 ఘన మీటర్ల స్థలం కావాలనుకుందాం, సూచిక 0.2. 40 ఆర్డర్లు వచ్చే సబ్బులకు 2 ఘన మీటర్లు చాలు, సూచిక 0.05. కనుక సబ్బులే ముందుకు వస్తాయి. పరుపులు ముందుంటే మిగతా సరుకులన్నీ దూరమవుతాయి. ఈ నష్టాన్ని లెక్కలోకి తేవడమే సూచిక గొప్పతనం.

అయితే ఇది ప్రతి సరుకునూ విడిగా చూస్తుంది. టూత్‌పేస్టు, బ్రష్షు తరచుగా ఒకే ఆర్డరులో వస్తాయి. వాటి సూచికలు వేరైతే, సరుకు తీసే కార్మికుడు రెండు వరుసలూ తిరగాలి. త్వరగా కదిలే సరుకులన్నీ ఒకేచోట చేరితే అక్కడ రద్దీ పెరుగుతుంది. బరువైన పెట్టెను ఏ ఎత్తులో ఉంచాలో కూడా ఇది చెప్పదు. ఆ లోపాన్ని భరించేది కార్మికుడి నడుమే.

కాబట్టి సూచికతో మొదలుపెట్టి, పాత ఆర్డర్లను పరిశీలించి అమరికను సవరించాలి. పరీక్షలో సూత్రంతో పాటు ఈ పరిమితులనూ రాస్తేనే మీ సమాధానం సంపూర్ణమవుతుంది.