కట్టుడు పళ్ళ రంపం

డబ్బు పెడితే కొత్త బ్లేడు ఎవరికైనా దొరుకుతుంది. మూడు పళ్ళు ఊడి, నాలుగు పళ్ళు అంచు విరిగి, ఇక పాత ఇనప సామాను కొట్టుకే అని మూల పడేసిన బ్లేడును మళ్ళీ కోతకు నిలబెట్టడం మాత్రం అందరి చేతుల్లో అయ్యే పని కాదు. పామర్రు కూడలి నుంచి ఎటు వెళ్ళినా, అంటే గుడివాడ వైపుగానీ, బందరు వైపుగానీ, చల్లపల్లి మీదుగా అవనిగడ్డ వైపుగానీ, సామిల్లులకీ వడ్రంగి షెడ్లకీ కొదవ లేదు. ఆ షెడ్లన్నీ నడిచేది మహా అయితే నలుగురు బ్లేడు మేస్త్రీల చలవ మీద. వాళ్ళ గురించి ఎవరూ రాయరు. కూచిపూడి నాట్యం గురించి రాస్తారు, పెడన కలంకారీ గురించి రాస్తారు, చిలకలపూడి బంగారం గురించి రాస్తారు. రాయాల్సిందే, నాకేం అసూయ లేదు. కానీ కలంకారీ అచ్చు చెక్కాలంటే ముందు టేకు దుంగ పలక కావాలి. ఆ పలకను కోసిన రంపానికి పదును పెట్టినవాడు కూడా కళాకారుడే అని నా వాదన.

చేతి రంపాల కాలంలో ఈ గొడవ లేదు. పన్ను మొద్దుబారితే వడ్రంగి అరుగు మీద కూర్చుని ఆకురాయితో రుద్దుకునేవాడు, పళ్ళు అటొకటి ఇటొకటి వంచి వాలు సరిచేసుకునేవాడు. కార్బైడ్ వచ్చాక ఆకురాయి పనికిరాకుండా పోయింది. టంగ్‌స్టన్, కర్బనం కలిసిన పొడికి కోబాల్టు చేర్చి, అచ్చులో నొక్కి, కొలిమిలో కాల్చి చేసే పదార్థం అది. 1923లో జర్మనీలో బల్బుల ఫిలమెంటు తీగ లాగడానికి వజ్రపు అచ్చులకు బదులుగా కార్ల్ ష్రోటర్ దీన్ని తయారు చేశాడు. తర్వాత క్రుప్ కంపెనీ విడియా పేరుతో బజారుకు తెచ్చింది. మన పాత టర్నర్లు ఇప్పటికీ కార్బైడ్ టూలును విడియా అనే అంటారు. చరిత్ర ఇంతకన్నా కావాలంటే పుస్తకాలున్నాయి. మనకు కావలసింది ఒక్కటే: బ్లేడు ప్లేటు ఉక్కు, పళ్ళ చివర అతికించిన బిళ్ళ కార్బైడ్. కట్టుడు పళ్ళన్నమాట.

కట్టుడు పళ్ళకు మన డెల్టాలో ఉన్నంత కష్టకాలం మరో చోట ఉండదేమో. కొబ్బరి మొద్దు వెలుపలి భాగం ఎంత గట్టిదంటే మామూలు ఉక్కు రంపం కాసేపటికే మొద్దుబారిపోతుంది. తాటి చేవ సంగతి చెప్పనక్కర్లేదు, ఆ నల్లటి నారకు ఎంతటి పదునైనా లొంగిపోవలసిందే. ప్లైవుడ్‌లోని జిగురు మరో రకం ఆకురాయి. వీటన్నిటికంటే పెద్ద శత్రువు పాత ఇంటి కలప. ఊళ్ళలో పాత మండువా ఇళ్ళు పడగొడుతుంటే బర్మా టేకు దూలాలు డిపోలకు వస్తాయి. వందేళ్ళు నిలిచిన కర్ర, బంగారం లాంటిది, కాదనను. కానీ తలవిరిగి కర్రలో దాక్కున్న మేకు ఒక్కటి తగిలిందా, ‘టప్’మని ఒక శబ్దం, వరసగా నాలుగు పళ్ళు మాయం. తెలివైనవాడు ముందు అయస్కాంతం పెట్టి దూలమంతా తడుముతాడు. తొందరపడినవాడు ఆ తర్వాత మేస్త్రీ దగ్గరికి వస్తాడు.

అలా వచ్చిన కుర్రాడొకడు, “బాబాయ్, ఇది పోయినట్టేగా, కొత్తది తెచ్చుకోనా?” అని అడగడం నేను విన్నాను. మేస్త్రీ జవాబు చెప్పకుండా బ్లేడు నడిమి బెజ్జంలో వేలు దూర్చి, వేలాడదీసి, స్క్రూడ్రైవరు పిడితో మెల్లగా తట్టాడు. ‘ణంగ్’మని చాలాసేపు మోగింది. “ప్లేటు బతికే ఉందిరా. పళ్ళు నేను చూసుకుంటా, వదిలేసి పో” అన్నాడు. పగులున్న ప్లేటు అలా మోగదు, చప్పగా ‘టక్’మంటుంది. దాన్ని మాత్రం ఎంత బతిమాలినా ఆయన ముట్టుకోడు. (రొద తగ్గడానికి ప్లేటులో గాట్లు కోసి రాగి నింపిన బ్లేళ్ళుంటాయి. అవి బాగున్నా సరిగ్గా మోగవు. వాటిని భూతద్దం కింద చూడాల్సిందే.)

అక్కడి నుంచి అసలు పని మొదలవుతుంది. ముందు బ్లేడుకు పట్టిన బంకను కిరసనాయిలులో నానబెట్టి వదిలిస్తాడు. ఊడిన పన్ను చోట ప్లేటులో మిగిలిన గూడును వేడిచేసి పాత టంకం తుడిచేసి, ఆ గూటి అడుగు, వెనక గోడ తళతళలాడేదాకా గీకుతాడు. జిడ్డు గానీ, తుప్పు గానీ ఆవగింజంత మిగిలినా టంకం పట్టదు. కొత్త బిళ్ళను అతికే వైపు కాస్త గరుకు చేస్తాడు. ఫ్లక్సు పూస్తాడు. మన కంసాలులు నగ అతికేటప్పుడు వెలిగారం వాడతారే, అదే విద్య, మందు కాస్త వేరు. మధ్యలో వెండి టంకపు రేకు పెడతాడు. మంచి మేస్త్రీ వాడే రేకు మూడు పొరలది: పైనా కిందా వెండి టంకం, నడుమ రాగి. ఆ రాగి ఎందుకంటే, వేడికి ఉక్కు ఎంత సాగుతుందో కార్బైడ్ అందులో సగం కూడా సాగదు. చల్లారేటప్పుడు ఉక్కు ఎక్కువగా ముడుచుకుంటుంది, కార్బైడ్ అంతగా ముడుచుకోదు. ఆ లాగుడులో బిళ్ళ పగలకుండా మెత్తటి రాగి మధ్యవర్తిగా నిలబడి దెబ్బ కాచుకుంటుంది. ఇంత చిన్న రేకులో ఇంత పెద్ద ఆలోచన పెట్టినవాడికి దండం పెట్టాలి.

మంట పట్టడంలోనే చేతివాటం తెలిసిపోతుంది. మంట బిళ్ళ మీద పడకూడదు, దాని వెనకున్న ఉక్కు భుజం మీద పడాలి. ఉక్కు వేడెక్కి ఆ వేడి బిళ్ళకు పాకాలి. ఫ్లక్సు మొదట బుడగలు కక్కుతుంది, తర్వాత తెల్లటి బూడిదలా పొంగుతుంది, ఆ తర్వాత ఒక్కసారిగా నీళ్ళలా తేటపడుతుంది. ఆ ఘడియ కోసమే మేస్త్రీ కళ్ళు కాచుకుని ఉంటాయి. వేడి 650 నుంచి 700 డిగ్రీల మధ్యకు చేరగానే టంకం మెరుస్తూ పారి గూడంతా నిండుతుంది. బిళ్ళ ఆ తడిలో తేలుతుంది. సన్నటి కడ్డీతో దాన్ని ఒక్కసారి అటూ ఇటూ కదిపి, లోపలి గాలి బయటికి పంపి, గూటిలోకి నొక్కి, మంట తీసేస్తాడు. ఆ క్షణంలో ఉక్కు ముదురు ఎరుపులో ఉంటుంది. నారింజ రంగుకు వచ్చిందంటే పని చెడినట్టే. ఎరుపు చల్లారే దాకా ఊపిరి బిగబట్టినట్టు కడ్డీ కదలదు. తర్వాత నీళ్ళు చల్లరు, చల్లితే బిళ్ళ అప్పటికప్పుడే చిట్లుతుంది. దాని మానాన దాన్ని చల్లారనిస్తారు. ఈ మొత్తం తంతు చూస్తున్నవాడికి గుటక వేసేంత సమయంలో అయిపోయినట్టుంటుంది.

అతుకు అయిపోతే సగం పని అయినట్టు. మేకు తగిలిన బ్లేడు ప్లేటు ఎక్కడో ఒకచోట వంగే ఉంటుంది. దాన్ని దాగలి మీద పడుకోబెట్టి, స్టీలు బద్ద ఆనించి, బద్దకీ ప్లేటుకీ మధ్య వెలుగు ఎక్కడ కనిపిస్తుందో చూసి, అక్కడ సుత్తితో తట్టాలి. ఎంత గట్టిగా, ఎక్కడ, ఎన్ని దెబ్బలు అన్నది ఏ పుస్తకమూ చెప్పదు. ఒక దెబ్బ ఎక్కువైతే ఎదురు వైపు ఉబ్బుతుంది. కోసేటప్పుడు అంచు వేడెక్కి సాగుతుంది కాబట్టి, ఆ సాగుడుకు సరిపోయేలా నడిమి భాగాన్ని ముందే తట్టి వదులు చేసి ఉంచుతారు. దీన్ని టెన్షన్ పెట్టడం అంటారు. 300 మిల్లీమీటర్ల బ్లేడును స్పిండిలుకు ఎక్కించి తిప్పితే, డయల్ గేజి ముల్లు మిల్లీమీటరులో పదో వంతు దాటి ఊగకూడదు. చెవితో, చేత్తో, సుత్తితో ఆ లెక్కకు తెచ్చిన మేస్త్రీలు మన దగ్గర ఉన్నారంటే నమ్మని ఇంజనీర్లున్నారు. వాళ్ళను ఒకసారి పామర్రు రమ్మనండి.

ఆఖరిది పదును. కార్బైడ్‌ను మామూలు తెల్ల సానరాయి ఏమీ చేయలేదు, రాయే నున్నబడిపోతుంది. డైమండ్ వీలు కావాలి, నీళ్ళధార కావాలి. పళ్ళన్నీ ఒకే రకం అనుకోకండి. చెక్క అడ్డకోతకు పళ్ళ తలలు ఒకటి కుడికీ ఒకటి ఎడమకీ వాలి ఉంటాయి. లామినేట్ షీటుకూ అల్యూమినియానికీ ఒక పన్ను మూలలు చెక్కేసి కాస్త పొడుగ్గా, పక్క పన్ను చదరంగా కాస్త పొట్టిగా ఉంటాయి. నిలువు కోతకు ముందుకు బాగా వాలిన పళ్ళు, తక్కువ పళ్ళు. అల్యూమినియం బ్లేడుకైతే చాలావరకు వెనక్కి వాలినవి. కొత్తగా అతికిన పన్ను ఈ వరసలో ఏ రకమో గుర్తుపట్టి, ఆ రూపానికే తీర్చాలి. పక్కపళ్ళ కంటే అది వెంట్రుకవాసి ఎత్తున్నా కోత బరువంతా దాని మీదే పడి మళ్ళీ ఊడుతుంది. పక్కలు కూడా చూడాలి: 3.2 మిల్లీమీటర్ల గాడి కోసే బ్లేడుకు ప్లేటు 2.2 ఉంటుంది. అటు అరమిల్లీమీటరు, ఇటు అరమిల్లీమీటరు ఖాళీ వల్లనే ప్లేటు కర్రకు రాసుకోకుండా తిరుగుతుంది. అంతా అయ్యాక మేస్త్రీ బ్లేడును దీపానికెదురుగా పెట్టి ఒక్కో అంచూ చూస్తాడు. మొద్దు అంచు సన్నటి తెల్లగీతలా మెరుస్తుంది. పదునైన అంచు మీద ఏ మెరుపూ ఉండదు, చూపుకు ఆనదు.

ఇంత విద్య ఉన్నచోట ఇప్పుడేం జరుగుతోంది? పక్కనున్న గ్యాసు వెల్డింగు షెడ్డులో ఇత్తడి కడ్డీతో పన్ను అతికించి చేతిలో పెడుతున్నారు. తక్కువలో అయిపోయిందని మనవాళ్ళు సంతోషంగా తెచ్చుకుంటున్నారు. ఇత్తడి కరగడానికి 900 డిగ్రీల చుట్టూ వేడి కావాలి. ఆ వేడికి పన్ను వెనకున్న ప్లేటు చాలా మేర నీలంగా కాలిపోయి, గట్టిదనం చచ్చి, తగరపు రేకులా మెత్తబడుతుంది. ఆ బ్లేడు మెషినుకు ఎక్కి నిమిషానికి 4,000 చుట్లు తిరిగేటప్పుడు, 300 మిల్లీమీటర్ల బ్లేడు అంచు వేగం గంటకు 220 కిలోమీటర్ల పైమాటే. అంత వేగంలో ఊడిన బిళ్ళ ఎవరి కంటికి తగులుతుందో ఎవరికి తెలుసు? అతికినవాడి షెడ్డు పక్క వీధిలో, కోసేవాడి కన్ను మెషిను ముందు. ఇది మరమ్మతు కాదు, మోసం.

పేరూ ఊరూ లేని చవక బ్లేళ్ళు ఇంకో పీడ. పెట్టె మీద బొమ్మ బ్రహ్మాండం, లోపల బిళ్ళ మందం గోరంత. మంచి కంపెనీ బ్లేడు బిళ్ళను పది సార్లకు పైగా పదును పెట్టుకోవచ్చు. వీటిని రెండోసారి సానపడితే ఉక్కు తగులుతుంది. “మేస్త్రీ సరిగ్గా పట్టలేదు” అని నింద మాత్రం మేస్త్రీకి. పైగా యూపీవీసీ కిటికీలు, రెడీమేడ్ తలుపులు వచ్చి వడ్రంగి షెడ్లే మూతపడుతుంటే బ్లేడు మేస్త్రీ ఎవరికి పదును పట్టాలి? బెజవాడ ఆటోనగర్‌లో కంప్యూటరు గ్రైండరు ఉందిగా, అక్కడికి పంపుతాం అంటారు కొందరు. ఆ మెషిను సాన బాగానే పడుతుంది, ఒప్పుకుంటాను. ప్లేటు మోగిందో లేదో వినడం, ఎక్కడ తట్టాలో చూడడం దానికి తెలియదు. నేను మేస్త్రీల పక్షపాతినే, దాచుకోను.

2023 సెప్టెంబరు 17న కేంద్రం పీఎం విశ్వకర్మ పథకం మొదలుపెట్టింది. 18 వృత్తులకు శిక్షణ, పనిముట్లకు 15,000 రూపాయలు, తక్కువ వడ్డీకి అప్పు. వడ్రంగి ఉన్నాడు, కమ్మరి ఉన్నాడు, పడవలు చేసేవాడు ఉన్నాడు, సుత్తి-పనిముట్లు చేసేవాడూ ఉన్నాడు. ఆ వడ్రంగి బ్లేడును బతికించేవాడి పేరు జాబితాలో విడిగా లేదు. ఐటీఐల్లో వెల్డరు కోర్సు నడుస్తూనే ఉంటుంది. అందులో వారం రోజులు వెండి టంకానికీ, డైమండ్ సానకూ కేటాయిస్తే ఎవరి సొమ్ము పోతుంది? ఆ వారంలోనే ఇంకో మాట కూడా చెప్పాలి: కాడ్మియం కలిసిన చవక టంకం పొగ, పొడిసాన పట్టినప్పుడు లేచే కోబాల్టు దుమ్ము ఊపిరితిత్తులను తినేస్తాయి. మన పెద్ద మేస్త్రీల్లో ముక్కుకు గుడ్డ కట్టుకునేవాళ్ళు కూడా తక్కువే. వాళ్ళ విద్యను మెచ్చుకుని ఊరుకుంటే సరిపోదు.

టంగ్‌స్టన్ సంగతి కూడా ఆలోచించండి. ప్రపంచంలో తవ్వే టంగ్‌స్టన్‌లో ఎక్కువ భాగం చైనాదే. 2025 ఫిబ్రవరిలో ఆ దేశం ఎగుమతుల మీద ఆంక్షలు పెట్టింది. అలాంటి లోహాన్ని మనం పాత బ్లేడుతో పాటు కిలోల లెక్కన ఇనుము ధరకు అమ్మేసుకుంటున్నాం.

కాబట్టి వడ్రంగి సోదరులకూ, సామిల్లు యజమానులకూ నా మనవి. పన్ను ఊడిన బ్లేడును అలాగే నడపకండి, దాని వెనక పన్ను మీద రెట్టింపు బరువు పడుతుంది. మరమ్మతుకు ఇచ్చేటప్పుడు వెండి టంకమా ఇత్తడా అని అడగండి. డైమండ్ వీలు ఉందేమో చూడండి. తెచ్చుకునే ముందు డయల్ గేజి పెట్టి చూపించమనండి. ప్లేటు పగిలిందని మేస్త్రీ చెబితే బతిమాలకుండా పారేయండి. కూలి పది రూపాయలు ఎక్కువైనా బేరమాడకుండా ఇచ్చి రండి.