పాకం ఎక్కడ దించాలి?

మా వైపు బేకరీ అద్దాల బీరువాలో పొరల తీపి అంటే దిల్‌పసందే. కిందొక రొట్టె, పైనొక రొట్టె, నడుమ చక్కెర కలిపిన కొబ్బరి, టూటీఫ్రూటీ. 1898లో బెంగళూరులో బీబీ బేకరీ పెట్టాక అయ్యంగార్ల చేతి రుచి ఊరూరికీ పాకింది. మదనపల్లెకు, పుంగనూరుకు అది బస్సెక్కి వచ్చింది, కుప్పానికి రైలెక్కి.

ఇప్పటి పిల్లలు ఫోన్‌లో చూసి ఇంట్లోనే లేయర్ బార్లు చేస్తామంటున్నారు. చేయనీండి. కాకపోతే క్రీమ్ చీజ్‌కీ మేపుల్ సిరప్‌కీ ఆర్డర్ పెట్టడమే నాకు నచ్చదు. చెనక్కాయలు, బెల్లం, బెంగుళూరా మామిడి గుజ్జు, ఇన్ని మన దగ్గరే పెట్టుకుని!

అడుగు పొరకు నానఖటాయి పిండికి మించింది లేదు. మైదా, పొడి చక్కెర, నెయ్యి, చిటికెడు ఉప్పు. పుంగనూరు అనగానే అందరికీ ఆ పొట్టి ఆవు గుర్తొస్తుంది. దాని పాలలో వెన్న 8 శాతం దాకా ఉంటుందని పేరు. ఆ నెయ్యితో చేద్దామని ఆశపడేరు! జాతే అరుదైపోయి పలమనేరు పశు పరిశోధన కేంద్రంలో కాపాడుకుంటున్నారు. ఎనుము నెయ్యి చాలు, అదీ పూసకట్టింది. కరిగిన నెయ్యి పోస్తే పిండి జిడ్డోడుతుంది. ట్రేలో వేలి మందాన అదిమి, ఫోర్కుతో అక్కడక్కడా పొడిచి, అంచులు ఎర్రబడేదాకా కాల్చాలి.

అసలు పని నడిమి పొరలో, అంటే చెనక్కాయలు కలిపే బెల్లం పాకంలో ఉంది. ఇంగ్లీషు వంట పుస్తకాల్లో పాకానికి థర్మామీటర్ లెక్క రాస్తారు. ఆ లెక్క సముద్రపు ఒడ్డున ఉన్నవాళ్ళది. మన ఊళ్ళు దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉన్నాయి, నీళ్ళు 98 డిగ్రీలు కూడా చేరకుండానే మరుగుతాయి. అందుకే పాకం కూడా పుస్తకంలో రాసినదానికి రెండు డిగ్రీల ముందే సిద్ధమవుతుంది. అంకె చూసుకుంటూ కూర్చుంటే ముదిరిపోతుంది. మా అత్త దగ్గర ఏ మీటరూ లేదు, పొయ్యి పక్కన చెంబెడు చన్నీళ్ళుంటాయి, అంతే. గరిటె అంచు నుంచి ఒక చుక్క వదిలి, వేళ్ళతో పోగుచేసి చూస్తుంది.

"ఉండయింది కదత్తా, దించేద్దామా?"

"ఇంకా మెత్తగుందే, జారిపోతాది. ఉండు."

ఆ చుక్క గిన్నెకేసి కొడితే టంగుమంటే చెనక్కాయ పట్టీకి సరి. పొరల ముక్కకు మాత్రం అంత ముదరకూడదు. కత్తి దించగానే పెళుసు పాకం పగిలి, కింది నానఖటాయిని కూడా పొడిచేస్తుంది. నొక్కితే కాస్త లొంగే ఉండపాకం దగ్గరే దించి, వేయించి పొట్టు తీసిన చెనక్కాయ విత్తనాలు కలిపి పరచాలి. పాకంలో పాలు పోసి కోవా రుచి తెద్దామనుకునేవాళ్ళకు ఒక మాట: బెల్లానికి పులుపు గుణం ఉంటుంది, వేడి మీద పాలు విరుగుతాయి. పాలే కావాలంటే చక్కెర పాకం పట్టుకోండి.

పై పొరకు మామిడి గుజ్జు. కొంచెం చక్కెర వేసి, కలుపుతూ కలుపుతూ, గరిటె గీసిన దారి వెంటనే పూడనంత చిక్కబడేదాకా ఉడికించాలి. బెంగుళూరాలో పులుపు మిగిలే ఉంటుంది, కింద బెల్లం తీపికి అదే విరుగుడు. టూటీఫ్రూటీ కూడా చల్లేవాళ్ళున్నారు. నాకైతే అది దిల్‌పసంద్‌లోనే అందం.

పూర్తిగా చల్లారాక కోద్దామనుకుంటే బెల్లం పొర మొరాయిస్తుంది. గోరువెచ్చగా ఉండగానే నెయ్యి రాసిన కత్తితో గాట్లు పెట్టేసి, ముక్కలు మాత్రం ఆరాక విడదీయాలి. వాన ముసురు పట్టిన రోజుల్లో ఈ జోలికి పోవద్దు, బెల్లం చెమర్చి అడుగు పొర మెత్తబడిపోతుంది. అలాంటప్పుడు ఆ పిండితో ఉత్త నానఖటాయిలే చేసుకోండి.