ఒకే వారంలో కొలువూ చదువూ

కొలువు చేస్తూ చదివిన కాలాన్ని వలస దరఖాస్తులో చూపించడం తప్పు కాదు. ఉద్యోగం తేదీలూ చదువు తేదీలూ ఒకదాని మీద ఒకటి పడకూడదని కెనడా గానీ ఆస్ట్రేలియా గానీ షరతు పెట్టలేదు. నరసరావుపేట లాంటి ఊళ్లో అసలు ఇదే మామూలు. డిగ్రీ కాగానే ఏదో ఒక పనిలో చేరి, డిస్టెన్స్‌లో ఎంబీఏనో ఎంకామో కట్టినవాళ్లు ప్రతి వీధిలోనూ ఉంటారు. నాగార్జున యూనివర్సిటీ దూరవిద్యా కేంద్రం నడిచేది అలాంటివాళ్ల కోసమే. 1982లో హైదరాబాద్‌లో పెట్టిన, ఇప్పుడు అంబేడ్కర్ పేరుతో ఉన్న సార్వత్రిక విశ్వవిద్యాలయం దేశంలోనే మొదటిది. పగలు పనిచేసుకునే మనిషికి కూడా పట్టా అందాలన్నది దాని ఉద్దేశం. తీరా కెనడా దరఖాస్తు నింపాల్సిన రోజు వచ్చేసరికి ఆ కష్టపడిన ఏళ్లే భయపెడతాయి. రెండూ రాస్తే అనుమానిస్తారేమోనని కొందరు చదువును దాస్తారు, కొందరు ఉద్యోగాన్ని పార్ట్‌టైమ్ చేసి రాస్తారు. నిజంగా జరిగినదాన్ని తగ్గించి రాయడం వల్ల ఒరిగేదేమీ లేదు, పోయేది మాత్రం చాలా ఉంది.

కెనడా ఫెడరల్ స్కిల్డ్ వర్కర్ పథకం గంటల లెక్క మీద నడుస్తుంది. వారానికి 30 గంటల జీతపు పని చేస్తే అది ఫుల్‌టైమ్. అలా ఏడాదికి 1,560 గంటలు. గత పదేళ్లలో ఒకే వృత్తిలో ఎడతెగకుండా కనీసం అంత అనుభవం ఉండాలి. వారానికి 15 గంటల చొప్పున రెండేళ్లు చేసినా సరిపోతుంది. 30 దాటిన గంటలకు మాత్రం విలువ లేదు. వారానికి 60 గంటలు పనిచేసి ఆరు నెలల్లో ఏడాది పూర్తయిందనుకుంటే కుదరదు. చదువుకుంటూ చేసిన పనిని ఈ పథకం తోసిపుచ్చదు. జీతం ముట్టి ఉండాలి, పని మధ్యలో తెగకూడదు, వృత్తి నైపుణ్యం ఉన్నదై ఉండాలి, అంతే. జీతంతో కూడిన మామూలు సెలవులు ఏడాదిని తెంచవు. పరీక్షల పేరుతో జీతం లేకుండా నెలల తరబడి మానేస్తే తెగుతుంది.

నరసరావుపేటలో ఒక జిన్నింగ్ మిల్లులో లెక్కలు చూసే మనిషిని ఊహించుకుంటే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. సోమవారం నుంచి శనివారం దాకా పొద్దున తొమ్మిదికి వచ్చి సాయంత్రం ఆరింటికి వెళతాడు. మధ్యలో గంట భోజనం తీసేస్తే వారానికి 48 గంటల పని. డిస్టెన్స్ ఎంబీఏ క్లాసులు ఆదివారాల్లో, చదువు రాత్రిళ్లు, పరీక్షలకు ఏడాదికి కొన్ని రోజుల సెలవు. ఈ వారాన్ని కాగితం మీద పెడితే ఎవరికీ అనుమానం రాదు. కాని అతని దరఖాస్తు నిజంగా నిలిచేదీ పడేదీ వేరే చోట. చిట్టా రాయడం, బిల్లులు కట్టలు కట్టడం వరకే అతని పని అయితే అది కెనడా వృత్తుల పట్టికలో 14200 కోడ్ కిందికి, అంటే అకౌంటింగ్ గుమాస్తా కిందికి వస్తుంది. ఆ పని నైపుణ్యం లెక్కలో నాలుగో అంచెలో ఉంది. ఈ పథకానికి పనికొచ్చేవి సున్నా నుంచి మూడు దాకా ఉన్న అంచెలే. అతనే ట్యాలీలో ఖాతాలన్నీ నడిపి, బ్యాంకు లెక్కలు సరిచూసి, ట్రయల్ బ్యాలెన్స్ తీసి, జీఎస్టీ రిటర్నులు సిద్ధం చేస్తూ ఉంటే 12200 కింద రెండో అంచెకు వస్తాడు. మిల్లులో అందరూ పిలిచే పేరు మాత్రం గుమాస్తానే. కన్సల్టెన్సీల దగ్గర జనం తేదీల గురించి అడిగినంతగా పనుల గురించి అడగరు, అదే బాధ.

కెనడాలోనే ఇంకో దారి ఉంది, కెనడియన్ ఎక్స్‌పీరియన్స్ క్లాస్. ఫుల్‌టైమ్ చదువుతో కలిసిపోయిన పనికి దాని తలుపు మూసే ఉంటుంది. ఫుల్‌టైమ్ విద్యార్థిగా ఉన్న కాలంలో చేసిన పనిని, కోర్సులో భాగమైన కో-ఆప్ పనితో సహా, అందులో లెక్కించరు. ఇక్కడి నుంచి వెళ్లిన పిల్లలు చాలామంది తప్పటడుగు వేసింది ఇక్కడే. 2022 నవంబర్ 15 నుంచి 2024 ఏప్రిల్ 30 దాకా విదేశీ విద్యార్థులు క్యాంపస్ బయట ఎన్ని గంటలైనా పనిచేయవచ్చని ప్రభుత్వం సడలింపు ఇచ్చింది. అంతకుముందు వారానికి 20 గంటలే. 2024 నవంబర్ నుంచి 24. సడలింపు ఉన్నన్నాళ్లు బ్రాంప్టన్‌లో వారానికి 40 గంటలు పనిచేసి, అదంతా కెనడా అనుభవంగా కలుస్తుందని నమ్మినవాళ్లున్నారు. పని చట్టబద్ధమే, కాని ఆ క్లాసులో లెక్కకు రాదు. ఆ పథకంలో గడియారం మొదలయ్యేది ఫుల్‌టైమ్ చదువు ముగిశాకే. పనిచేయడానికి అనుమతి ఉండటం ఒక సంగతి, ఆ పనికి లెక్కలో చోటుండటం ఇంకో సంగతి.

ఆస్ట్రేలియాలో వారానికి 20 గంటల జీతపు పని చాలు. అక్కడి కొలత గంటల కంటే అర్హత మీద ఎక్కువ ఆధారపడుతుంది. వృత్తికి కావలసిన పట్టా చేతికి రాకముందు చేసిన పనిని నైపుణ్యం ఉన్న పనిగా ఒప్పుకోవడం అరుదు. బీటెక్ చదువుతూ చేసిన ఉద్యోగం అక్కడ సాధారణంగా లెక్కకు రాదు. బీటెక్ అయ్యాక, ఎంటెక్ చదువుతూ చేసింది రావచ్చు. అమెరికా గ్రీన్‌కార్డుకు ఉన్న ఈబీ-2 దారిలోనూ ఇదే పోలిక కనిపిస్తుంది. బ్యాచిలర్స్ డిగ్రీకి తోడు అయిదేళ్ల ఎదుగుదల ఉన్న అనుభవం చూపితే మాస్టర్స్‌తో సమానంగా తీసుకుంటారు. ఆ అయిదేళ్లూ డిగ్రీ తర్వాతివే కావాలి.

ఇలాంటి జంట కాలాల మీద అధికారులకు అనుమానం ఊరికే రాలేదు. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ప్లెజంటన్‌లో ట్రై-వ్యాలీ యూనివర్సిటీని వీసా మోసం కేసులో మూసేశారు. అందులో చేరినవాళ్లలో ఎక్కువమంది ఆంధ్రప్రదేశ్ వాళ్లే. వందలమంది విద్యార్థులు సన్నీవేల్‌లో ఒకే అపార్ట్‌మెంటు చిరునామాలో ఉంటున్నట్టు రికార్డుల్లో ఉంది. కొందరి కాళ్లకు రేడియో పట్టీలు కట్టారు, భారత ప్రభుత్వం నిరసన తెలిపింది. యూనివర్సిటీ పెట్టినామెకు తర్వాత 16 ఏళ్లకు పైగా జైలు శిక్ష పడింది. 2019 జనవరిలో మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో బయటపడిన వ్యవహారం ఇంకా విచిత్రమైనది. ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అన్నది హోంలాండ్ సెక్యూరిటీ విభాగమే వల పన్ని పెట్టిన ఉత్తుత్తి సంస్థ. పాఠాలు లేవు, పంతుళ్లు లేరు. చదువులో భాగంగా పనిచేయడానికి ఇచ్చే సీపీటీ అనుమతి మీద ఫుల్‌టైమ్ ఉద్యోగాలు చేసుకుంటూ విద్యార్థి వీసా నిలుపుకోవడానికి వందలమంది అందులో చేరారు. అరెస్టయిన విద్యార్థుల్లో దాదాపు అందరూ భారతీయులు, వాళ్లలో తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో ఉన్నారు. ప్రభుత్వ గుర్తింపు జాబితాలో ఆ పేరు చూసే నమ్మామని కొందరన్నారు. ఆ మాటను కొట్టిపారేయలేం, ఎందుకంటే ఆ జాబితాలో పేరు పెట్టింది ప్రభుత్వమే.

అక్కడ పని నిజం, చదువు లేదు. ఇక్కడ ఇందుకు తిరగబడిన రకం ఒకటి ఉంది. రెగ్యులర్ కాలేజీలో బీటెక్ చదివిన ఏళ్లకు హైదరాబాద్‌లోని ఏదో కంపెనీ పేరుతో ఎక్స్‌పీరియన్స్ పెట్టించుకుంటారు. అందులో చదువు నిజం, పని లేదు. రెగ్యులర్ కోర్సుకు 75 శాతం హాజరు ఉండాలి. కాలేజీ నరసరావుపేటలో, ఆఫీసు రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంటే ఆ వారం ఎలా గడిచిందో ఏ లేఖా వివరించలేదు. మార్కుల మెమోలూ పీఎఫ్ పాస్‌బుక్కూ పక్కపక్కన పెట్టిన అధికారికి రెండు నిమిషాల్లో సంగతి తెలిసిపోతుంది. నిజంగా రెండూ చేసినవాళ్లు ఇన్ని ప్రశ్నలకు జవాబు చెప్పుకోవాల్సి రావడం ఇలాంటివాళ్ల వల్లనే. ఇది న్యాయమైన కోపం తెప్పించే విషయం.

అందుకని నిజంగా రెండూ చేసిన మనిషి చేయాల్సింది తన వారాన్ని కనబడేలా పెట్టడం. ఇక్కడి యజమానులు ఇచ్చే లేఖ సాధారణంగా రెండు వాక్యాల్లో ముగుస్తుంది, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా పనిచేశాడు, నడవడిక మంచిది అని. దానితో ఏమీ తేలదు. లెటర్‌హెడ్ మీద హోదా, చేరిన తేదీ, మానేసిన తేదీ, వారానికి గంటలు, జీతం, అలవెన్సులు, చేసిన పనులు, సంతకం చేసినవారి పేరు, ఫోన్ నంబరు అన్నీ ఉండాలి. జంట కాలం ఉంటే పనివేళలు, వారపు సెలవు కూడా రాయించుకోవడం మంచిది. చదువు సంగతి యజమానికి తెలుసనీ పరీక్షలకు సెలవు ఇచ్చారనీ ఒక్క వాక్యం చేరిస్తే ఇంకా మంచిది. చదువు వైపు నుంచి కోర్సు దూరవిద్యలో చేసినదని తెలిపే సర్టిఫికెట్ కావాలి. ఒక్క ట్రాన్స్‌క్రిప్ట్ చూసి అది రెగ్యులరో డిస్టెన్సో ప్రతిసారీ తెలియదు.

చిన్న మిల్లుల్లో, దుకాణాల్లో పనిచేసినవాళ్లకు కష్టం ఎక్కువ. 20 మంది కంటే తక్కువ ఉన్న చోట పీఎఫ్ తప్పనిసరి కాదు, జీతం చాలాసార్లు చేతికే ఇస్తారు. అలాంటప్పుడు ఆదాయపు పన్ను రిటర్నులు, బ్యాంకులో నెలనెలా జమ చేసిన డబ్బు, జీతాల రిజిస్టరు నకలు, మిల్లు జీఎస్టీ రిజిస్ట్రేషన్ లాంటివి పోగుచేసుకోవాలి. ఇవి ఉద్యోగంలో ఉండగానే దాచుకోవడం తేలిక, మానేసిన అయిదేళ్లకు వెతకడం చాలా కష్టం.

కెనడా దరఖాస్తులో వ్యక్తిగత చరిత్ర అనే భాగంలో గత పదేళ్లు నెల నెలా ఏం చేశారో ఖాళీ లేకుండా రాయాలి. అదే నెలల్లో ఉద్యోగానికి ఒక వరుస, చదువుకు ఒక వరుస రాయవచ్చు. వీటికి తోడు ఒక పేజీ వివరణ లేఖ జతచేస్తే చాలు. పట్టాకు పాయింట్లు అడిగి ఆ కాలపు వరుసను చరిత్రలో వదిలేస్తే, అది అబద్ధం చెప్పడం కాకపోయినా సమాచారం దాచడం అవుతుంది. వలస చట్టంలోని 40వ సెక్షన్ ఈ రెండింటినీ ఒకే గాటన కట్టి అయిదేళ్లు నిషేధిస్తుంది. ఆస్ట్రేలియాలో తప్పుడు సమాచారానికి మూడేళ్లు. కెనడాలో అధికారికి ఇలాంటి అనుమానం వచ్చినా సాధారణంగా వెంటనే తిరస్కరించరు. ప్రొసీజరల్ ఫెయిర్‌నెస్ లేఖ పంపి, జవాబుకు గడువు ఇస్తారు. ఆ గడువులోపల యజమాని కొత్త లేఖ, బ్యాంకు స్టేట్‌మెంట్లు, కోర్సు సర్టిఫికెట్ జతచేసి, ఏ గంట ఎక్కడ గడిచిందో తేదీల వారీగా రాసి పంపవచ్చు.